ఎడారి ఇళ్ళు చూసొచ్చాక: మీ ప్రశ్నలు, నా జవాబులు

రెండు సంచికల కింద ఈ శీర్షికలో రాజస్థాన్‌లోని జైసల్మేర్, గుజరాత్‌లోని కచ్‌లకి నేను చేసిన ప్రయాణాల గురించి నాలుగు మాటలు రాశాను. ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో సివిల్ డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాక, టేపూ నోట్‌బుక్కూ పట్టుకుని రెండుసార్లు ఎడారికి వెళ్ళి అక్కడి పాత ఇళ్ళు కొలిచి వచ్చానని చెప్పాను కదా. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. కొన్నిటికైనా ఈసారి వివరంగా రాస్తున్నాను.

*ప్రశ్న: మేడమ్, నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం రాజస్థాన్ ఎడారి ఇళ్ళు చూడాలని ఉంది. ఎప్పుడు వెళ్ళాలి, ఏం చూడాలి? ఒక్కదాన్నే పంపాలంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. – ఒక విద్యార్థిని, కాకినాడ*

జవాబు: అమ్మాయ్, ముందు మీ ఇంట్లోవాళ్ళ టెన్షన్ సంగతి. ఒక్కదానివే వద్దు, క్లాసులో ఇంకో అమ్మాయిని కలుపుకో. భయపడి చెప్తున్న మాట కాదిది. టేపు అటు చివర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. పైగా ఆ ఊళ్ళలో మగవాళ్ళు వెళ్ళలేని లోపలి గదుల్లోకి ఆడపిల్లల్ని ఆదరంగా తీసుకెళ్తారు. వంటిల్లు, ధాన్యం దాచుకునే చోటు, నీళ్ళ కుండలు పెట్టుకునే గూడు చూడకపోతే ఇల్లు చూసినట్టే కాదు. ఇందులో నువ్వు ఆడపిల్లవి కావడం నీకు కలిసొచ్చే విషయం.

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. మే నెల జోలికి వెళ్ళకు. జోధ్‌పూర్, జైసల్మేర్‌ల మధ్య ఫలోదీ అని ఒక ఊరుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. అయితే పూర్తిగా చలికాలంలో వెళ్తే ఆ ఇళ్ళు దేనికోసం అలా కట్టారో ఒంటికి తెలియదు. అందుకే నేను రెండోసారి మార్చి ఆఖరులో వెళ్ళాను. ఆ ప్రయాణమే నాకు ఎక్కువ నేర్పింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక ట్రావెల్ ఏజెంటు మాట నమ్మి ప్యాకేజీ తీసుకున్నాను. ‘హెరిటేజ్ టూర్’ అన్నాడు. మూడు రోజుల్లో నాకు మిగిలింది ఇసుక తిన్నెల మీద ఒంటె సవారీ, టెంట్లలో డ్యాన్సులు, హవేలీల (అక్కడి పాత పెద్ద మేడల) ముందు పావుగంట ఫొటోలు. కొలవడానికి టేపు తీస్తే బస్సు హారన్ కొట్టేవాడు. ఏడుపొచ్చినంత పనైంది. అందుకని చెప్తున్నాను, ప్యాకేజీ తీసుకోకు. జైసల్మేర్ ఊళ్ళోనే ఒక కుటుంబం నడిపే గదుల్లో వారం రోజులు ఉండు. ఎక్కువ ఊళ్ళు చూడటం కంటే ఒక వీధిని పూర్తిగా చూడటం మేలు.

ఆ ఊరిని 1156లో రావల్ జైసల్ అనే రాజు కట్టించాడు. కోట లోపల ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు. మొత్తం పసుప్పచ్చని ఇసుకరాయి. వీధులు ఎంత సన్నం అంటే, కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే రెండువైపులా గోడలు తగులుతాయి. ఇళ్ళు గోడకి గోడ ఆనించి కట్టారు కాబట్టి పక్క గోడలకి ఎండే తగలదు. వీధివైపు గోడ ఒక్కటే ఎండని ఎదుర్కోవాలి. దానికి ముందుకు పొడుచుకొచ్చిన ఝరోఖాలు, అంటే బాల్కనీలాంటి కిటికీలు, చిల్లులు చెక్కిన రాతి జాలీలు పెట్టారు.

ఆ చెక్కుళ్ళు అందం కోసమేనని నేనూ అనుకున్నాను. మార్చిలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకి ఒక పాత ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉన్న పలక మీద అరచెయ్యి నిలవలేదు. దాని పక్కనే పువ్వులూ లతలూ లోతుగా చెక్కిన పలక ఉంది. ఆ పువ్వు రేకుల కింద వేలు దూర్చితే వేడి బాగా తక్కువ. చెక్కిన ప్రతి మెట్టూ తన కింద అంగుళం, రెండంగుళాల నీడ వేసుకుంటోంది. గోడకి అణువణువునా చిన్న చిన్న చూరులు కట్టినట్టన్నమాట. ఇంటి లోపలికి వెళ్ళి అదే గోడకి వీపు ఆనించి కూర్చుంటే చల్లగా ఉంది. సాయంత్రం ఏడింటికి గానీ ఆ వేడి లోపలికి చేరలేదు. అప్పటికి ఇంటివాళ్ళు మంచాలు మేడ మీదికి మోసుకెళ్తున్నారు. పగలు కింద, రాత్రి పైన. ఇంటితోపాటు మనుషులూ రోజంతా జరుగుతుంటారు. ఇది ప్లాన్ గీసినంత మాత్రాన తెలియదు. ఒక ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని, ఎవరు ఏ గంటకి ఎక్కడ ఉన్నారో రాసుకో.

నథ్‌మల్ హవేలీ తప్పకుండా చూడు. 1885లో దివాను కోసం కట్టింది. హాథీ, లాలూ అనే అన్నదమ్ములు చెరో సగం చెక్కారు. దూరం నుంచి రెండు సగాలూ ఒకటే. దగ్గరకెళ్ళి ఒక్కో కిటికీ గీస్తే తేడాలు బయటపడతాయి. ఫొటో తీస్తే అవి కనపడవు, కాబట్టి పెన్సిలు తీసుకెళ్ళు. రాతి పలకల్ని ఒకదాంట్లో ఒకటి గూడు చేసి, ఇనుప కొక్కేలతో పట్టించిన తీరు కూడా చూడు.

ఇంకొక్క మాట. వెళ్ళే ముందు మీ అమ్మమ్మగారి ఊళ్ళో పాత పెంకుటిల్లు ఒకటి కొలిచి గీసి పెట్టుకో. అరుగు ఎత్తు ఎంత, చూరు గోడకి ఎంత ముందుకొచ్చింది, వాన నీళ్ళు ఎటు పోతున్నాయి, ఏ కిటికీకి ఎదురుగా ఏ కిటికీ ఉంది. మన ఇల్లు మనకి అలవాటైపోయి కంటికి ఆనదు. దాన్ని ఒకసారి కాగితం మీద పెడితే అక్కడికెళ్ళాక ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

*ప్రశ్న: మేడమ్ గారూ, పాలకొల్లులో ఇల్లు మొదలుపెడుతున్నాం. మీరు రాసింది చదివాక ముందువైపంతా జైసల్మేర్ రాయి, జాలీలు పెట్టించి, గోడలు రెండడుగుల మందం కట్టిస్తే ఏసీ అక్కర్లేదని మా ఆలోచన. మేస్త్రీ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు? – ఒక వ్యాపారి, పాలకొల్లు*

జవాబు: మీ మేస్త్రీ మాటే వినండి. నేను అలా అర్థమయ్యేలా రాసి ఉంటే తప్పు నాది.

ఎందుకో చెప్తాను. జైసల్మేర్‌లో ఒక మట్టి కుండ కొన్నాను. రాత్రి నీళ్ళు పోసి పెడితే పొద్దుటికి పళ్ళు జివ్వుమనేంత చల్లగా అయ్యాయి. అది ఇంటికి తెచ్చుకుని మే నెలలో వంటింట్లో పెట్టాను. నీళ్ళు చల్లబడ్డాయి గానీ ఆ చలవ రాలేదు. కుండలో లోపం లేదండి. కుండ ఒంటికి పట్టిన చెమ్మ గాలిలోకి ఆవిరైతేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. అక్కడ గాలి ఎండిపోయి ఉంటుంది, ఆవిరిని గబగబా తాగేస్తుంది. మన గాలికి కాలువలు, చెరువులు, పక్కన సముద్రం ఉన్నాయి. అదే కడుపు నిండి ఉంది, ఇంకేం తాగుతుంది? మన ఒంటి చెమట సంగతీ అంతే. వాళ్ళ బాధ వడగాలి, మనది ఉక్కపోత. ఆ రెంటికీ మందు ఒకటి కాదు.

వడగాలికి మందు మందపాటి గోడ, చిన్న కిటికీ. పగటి వేడిని గోడ మింగుతుంది, రాత్రి ఎడారి చల్లబడ్డాక బయటికి వదిలేస్తుంది. మన దగ్గర వేసవి రాత్రులు అంతగా చల్లబడవు. రెండడుగుల గోడ మింగిన వేడిని రాత్రంతా మీ పడకగదిలోకే వదులుతుంది. ఉక్కపోతకి మందు గాలి. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన కప్పు, లోతైన వరండా. మన పెద్దవాళ్ళు ఇంటి చుట్టూ వసారా వేసి, చూరుని తలకి తగిలేంత కిందికి దించింది ఇందుకే. ఎండా పడదు, జల్లూ కొట్టదు, గాలి మాత్రం వస్తుంది.

ఇక రాయి. అక్కడ ఏడాదికి పడే వాన రెండు వందల మిల్లీమీటర్లు కూడా ఉండదు. మనకి వెయ్యి దాటుతుంది. నేను చెప్పిన ఆ చెక్కుళ్ళలో ఎక్కడైతే నీడ నిలుస్తుందో, మన ఊళ్ళో అక్కడే నీరు నిలుస్తుంది. రెండు వానాకాలాలకి పాచి పట్టి నల్లబడుతుంది. లక్షలు పోసి పాచి కొనుక్కోవడం ఎందుకు?

జాలీ మీద మనసుంటే ఒక దారి ఉంది. గాలిని ఆపకుండా ఎండని చీల్చే ఉపాయం కాబట్టి అది మనకీ పనికొస్తుంది. వరండాలో, నాలుగడుగుల చూరు కింద, జల్లు తగలని చోట పెట్టించండి. రాయే కానక్కర్లేదు, మట్టి జాలీలు దొరుకుతాయి, అవి చవక కూడా. పడమటి గోడ ముందు ఒక వరస జాలీ కట్టి, మధ్యలో రెండడుగులు ఖాళీ వదిలితే సాయంత్రం ఎండ గోడకి చేరదు. శ్లాబుకి చూరు లేకుండా నున్నగా కోసేసే ఎలివేషన్లు ఇప్పుడు అందరూ వేయిస్తున్నారు. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి.

*ప్రశ్న: ఎడారిలో మన భోజనం దొరుకుతుందా? – ఒక పాఠకుడు, తణుకు*

జవాబు: అన్నం దొరుకుతుంది, మన కూరలు దొరకవు. సజ్జ రొట్టె, మజ్జిగ పులుసులాంటి కఢీ, కేర్ సాంగ్రీ కూర తినండి. కేర్ ముళ్ళ పొద కాయ, సాంగ్రీ జమ్మిచెట్టు కాయ. ఎండబెట్టి దాచుకుని ఏడాదంతా వండుకుంటారు. మనం దసరాకి పూజ చేసే జమ్మే వాళ్ళకి కూర, పశువులకి మేత, ఇంటికి కలప. ఆవకాయ జాడీ ఒకటి పట్టుకెళ్ళండి, సజ్జ రొట్టెలోకి బాగుంటుంది.

*ప్రశ్న: అమ్మా, మా ఊళ్ళో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. చుట్టూ రొయ్యల చెరువులు. ఏడాది పొడవునా టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నాం. ఎడారిలో వాన నీళ్ళతోనే బతికేవాళ్ళని రాశారు. అది ఎలాగో కాస్త చెప్పగలరా? – ఒక గృహిణి, సఖినేటిపల్లి మండలం*

జవాబు: తల్లీ, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించింది మీదే. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉండి నీళ్ళు కొనుక్కోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

బాడ్‌మేర్, జైసల్మేర్ పల్లెల్లో ఇంటి ముందు టాంకా అని నేలలో గుండ్రటి గొయ్యి తవ్వి, లోపల సున్నంతో గచ్చు చేసుకుంటారు. పైన మూత, దానికి తాళం. చుట్టూ నేలని పళ్ళెంలా వాలుగా చదును చేస్తారు. దాన్ని ఆగోర్ అంటారు. వాన రాబోతోందంటే ఆగోర్‌ని ఊడుస్తారు. చెప్పులతో తొక్కరు, పశువుల్ని రానివ్వరు. పడిన చినుకు చినుకూ జారి టాంకాలోకి పోతుంది. నేను ఉన్న ఇంటావిడ పొద్దున్నే తాళం తీసి, చిన్న బకెట్టుతో తోడి, వడగట్టి కుండలో పోసేది. గిన్నెలు కడగడానికి ఇసుక, చివరికి ఒక దోసెడు నీళ్ళు. స్నానం మంచం మీద చేసి, కింద పళ్ళెం పెట్టి ఆ నీళ్ళు ఒంటెకి పోసే రోజులుండేవని చెప్పింది.

ఇంకోచోట బేరీలు చూశాను. సన్నటి లోతైన బావులు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు కింద జిప్సం పొర మీద ఆగిపోతుంది. దాని కిందున్న ఉప్పు నీటితో కలవకముందే ఆ చెమ్మని బావిలోకి ఊరనిచ్చి తోడుకుంటారు. ఆ పొరే 2006లో బాడ్‌మేర్ దగ్గర కవాస్‌లో వరదొస్తే నీళ్ళని కిందికి ఇంకనివ్వక నెలల తరబడి నిలబెట్టింది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చేద్దాం. మీ డాబా నూట ఇరవై గజాలనుకోండి, అంటే వంద చదరపు మీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. ఎడారిలో ఏడాదికి నూట యాభై మిల్లీమీటర్లు పడినా పదిహేను వేల లీటర్లు వస్తాయి. మీరు రోజుకి ఇరవై లీటర్ల టిన్నులు రెండు కొంటే ఏడాదికి అయ్యేది పధ్నాలుగు వేల ఆరు వందల లీటర్లు. అంటే మీ డాబా మీద జైసల్మేర్ వాన పడినా మీ తాగునీటికి ఇంచుమించు సరిపోతుంది. మీకు పడేది వెయ్యి మిల్లీమీటర్ల పైన, అంటే లక్ష లీటర్లు. అవన్నీ గొట్టం గుండా వీధి కాలువలోకి పోతున్నాయి.

జూన్ నుంచి డిసెంబర్ దాకా వానలు అప్పుడప్పుడూ పడుతూనే ఉంటాయి. జనవరి నుంచి మే దాకా, నూట యాభై రోజులకి దాచుకోవాలి. రోజుకి నలభై లీటర్ల చొప్పున ఆరు వేల లీటర్లు. ఏడు వేల లీటర్ల ట్యాంకు ఉంటే గడిచిపోతుంది. అయితే టాంకాలాగా నేలలో తవ్వించకండి. మన దగ్గర నేల కింద రెండు మూడు బారలకే నీళ్ళు. గోడ ఏ కాస్త బీటలిచ్చినా ఉప్పు నీరు లోపలికి దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కింది నీటి ఒత్తిడికి ట్యాంకే పైకి లేవొచ్చు. నేల మీద గట్టి దిమ్మ కట్టి దానిపైన పెట్టించండి. తొలి వానలు రెండు బయటికి వదిలేసి డాబా కడగండి. గొట్టం మూతికి దోమతెర, దాని కింద ఇసుకా గులకరాళ్ళ వడపోత. ట్యాంకులోకి వెలుతురు పోకూడదు, పోతే పాచి పడుతుంది. తాగే ముందు కాచుకోండి. మీ వీధిలో నలుగురు కలిసి కట్టించుకుంటే మేస్త్రీ ఖర్చు కలిసొస్తుంది.

*ప్రశ్న: కచ్‌లో గుండ్రటి ఇళ్ళున్నాయని రాశారు. మా తాతగారి ఊళ్ళో చుట్టిళ్ళు ఉండేవి. ఈ రెంటికీ సంబంధం ఉందా? – ఒక ఉపాధ్యాయుడు, తుని*

జవాబు: మాస్టారూ, చుట్టరికం లేదు గానీ తెలివి ఒక్కటే. కచ్‌లో ఉత్తరాన బన్నీ అనే గడ్డి మైదానంలో ఆ ఇళ్ళున్నాయి. భూంగా అంటారు. గుండ్రటి మట్టి గోడ, పైన శంకువులా గడ్డి కప్పు. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో చుట్టుపక్కల కాంక్రీటు మేడలు, రాతి ఇళ్ళు కూలిపోతే, బాగా కట్టి చూసుకుంటున్న భూంగాలు చాలావరకు నిలిచాయి. నలుచదరపు ఇంటికి భూమి ఊగినప్పుడు మూలల దగ్గర గోడ చీలుతుంది. గుండ్రటి గోడకి మూలే లేదు, వచ్చిన ఊపు చుట్టూ పంచుకుంటుంది. కప్పు తేలిక, ఊడి పడినా మనిషి బతుకుతాడు.

మన తీరంలో చుట్టిల్లు ఎదుర్కొనేది తుపాను గాలిని. గాలి కూడా మూల దొరికితే అక్కడ పట్టుకుని కప్పు లేపుతుంది. గుండ్రంగా ఉంటే చుట్టూ జారిపోతుంది. అందుకే తాటాకు కప్పుని నేలకి మూడడుగుల దాకా దించేవారు. వంగి లోపలికి వెళ్ళాలి. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి తోటలన్నీ ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. ఆ తెల్లవారి మా ఊరి చివర రెండు శ్లాబు ఇళ్ళ పిట్టగోడలు పడిపోయి ఉంటే, ఒక పాత గుడిసె తాటాకు చెదిరి నిలబడి ఉంది. అది నా కళ్ళతో చూశాను.

బన్నీలో ఒకావిడ భూంగా లోపలి గోడకి లిప్పణ్ పని చేస్తుంటే పక్కన కూర్చున్నాను. మట్టీ పేడా జల్లెడ పట్టి, చపాతీ ముద్దలా పిసికి, అరచేతుల మధ్య దారంలా పొడుగ్గా నలిపింది. తడి గోడ మీద ఆ దారాన్ని వంపులు తిప్పి, బొటనవేలితో అంచులు నొక్కింది. మధ్యలో గోరంత అద్దం. నాకూ ఒక ముద్ద ఇచ్చింది. నేను అతికించిన దారం ఆరాక పగిలింది. నా మట్టిలో తడి ఎక్కువైందట. ముద్దని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి వినమంది. తడి సరిపోతే చప్పుడు రాదట. సాయంత్రం దీపం పెట్టగానే ఆ అద్దాలన్నీ వెలిగి, ఒక్క దీపంతో గదంతా కనిపించింది. మా అమ్మ సంక్రాంతి ముందు గోడ అడుగున ఎర్రమట్టి అలికి సున్నంతో చుక్కలు పెట్టడం గుర్తొచ్చి చాలాసేపు అక్కడినుంచి లేవలేకపోయాను.

వైట్ రణ్ అనే తెల్లటి ఉప్పు మైదానం దాకా వెళ్ళాలనుకుంటే సరిహద్దు ప్రాంతం కాబట్టి పర్మిట్ తీసుకోవాలి. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి.

*ప్రశ్న: కొత్తపేట దగ్గర మాకు నూరేళ్ళ నాటి మండువా లోగిలి ఉంది. అన్నయ్యలు పడగొట్టి అపార్టుమెంటు కట్టిద్దామంటున్నారు. మండువా చుట్టూ గోడలకి చెమ్మ ఎక్కుతోంది, నిలబడదని అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. – ఒక పాఠకురాలు, హైదరాబాదు*

జవాబు: అమ్మా, మీ ఇంటిని నేను చూడలేదు కాబట్టి నిలుస్తుందనీ నిలవదనీ అనను. జైసల్మేర్ కోటలో చూసింది మాత్రం చెప్తాను.

ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచిన కోట అది. శత్రువులు ముట్టడించారు, ఎండలు కాశాయి, ఏమీ కాలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. బిందెలతో మోసుకునే రోజుల్లో ఎవరూ చుక్క వృథా చెయ్యలేదు. కుళాయి వచ్చాక వాడకం ఎన్నో రెట్లు పెరిగింది, ఆ నీళ్ళు బయటికి పోవడానికి సరైన కాలువలు మాత్రం లేవు. వాడిన నీరంతా కొండలోకి దిగింది. కింద ఉన్న మెత్తటి రాయీ బంకమన్నూ నానిపోయి బురుజులు కొన్ని కూలాయి. 1996లో ప్రమాదంలో ఉన్న ప్రపంచ కట్టడాల జాబితాలో దాన్ని చేర్చారు. 2013లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఇంటి గుమ్మం పక్కన చెమ్మ నడుము ఎత్తు దాకా ఎక్కి ఉంటే, వెనక్కి వెళ్ళి చూశాను. కొత్తగా కట్టిన బాత్రూము గొట్టం గోడలో విరిగి ఉంది. ఇంటివాళ్ళు ‘పాత రాయి కదా’ అంటున్నారు.

మీ ఇంటిని కట్టినవాళ్ళకి వాన తెలుసు. నాలుగు వాలు కప్పుల నీరూ మండువాలో పడి, తూములోంచి పెరట్లోకి పోయేలా కట్టారు. నూరేళ్ళు అలాగే పోయింది. ఇప్పుడు చెమ్మ ఎక్కుతోందంటే ఈ మధ్యకాలంలో ఏదో మారి ఉంటుంది. వీధి రోడ్డు ఎత్తు పెరిగి నీరు వెనక్కి తంతోందేమో. మండువాకి టైల్సు వేయించినప్పుడు తూము మూసేశారేమో. బయట సిమెంటు పూత పూసి గానుగ సున్నం గోడని ఊపిరాడకుండా చేశారేమో. సున్నం గోడ చెమ్మ పీల్చి వదులుతుంది. సిమెంటు పూస్తే పీల్చిన చెమ్మకి బయటికి దారి ఉండదు. ఇవి మూడూ నేను మన జిల్లాలో ఎన్నో ఇళ్ళలో చూశాను. బాగుచేయించే ఖర్చు పడగొట్టి కొత్తగా కట్టే ఖర్చు కంటే చాలా తక్కువ.

అన్నయ్యలతో వాదన పెట్టుకోకండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మండువాలో రెండు బిందెల నీళ్ళు పోసి, అవి ఎక్కడ తేలతాయో పెరట్లోకి వెళ్ళి చూడండి. తేలకపోతే తూము ఏ గోడ కిందుగా పోయేదో మీ పెద్దన్నయ్యగారికి గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు అందులో కాగితప్పడవలు వదిలే ఉంటారు. ఆయన చేతే ఒక కాగితం మీద గీయించి నాకు పంపండి. టేపు పట్టుకుని నేనే వస్తాను.